పెళ్లి ఫొటో నలుపు తెలుపులోకి: బొట్టు నిలవాలంటే ఏ దారి మేలు?

ఎర్ర పట్టుచీర, వెనక పచ్చటి మావిడాకుల తోరణం. రంగుల్లో ఉన్నంతసేపూ రెండూ దేనికదే. అదే ఫొటోని గ్రేస్కేల్‌లోకి మార్చి చూడండి, చీరా తోరణమూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. పెళ్లికూతురు ఎక్కడ ముగిసి పందిరి ఎక్కడ మొదలైందో తెలియదు. చాలామంది అప్పుడు కాంట్రాస్ట్ పెంచుతారు, క్లారిటీ పెంచుతారు, చివరికి ఫొటో బొగ్గుతో గీసినట్టు తయారవుతుంది. తప్పు జరిగింది అక్కడ కాదు, అంతకు ముందు మెట్టులో. రంగుని బూడిదగా మార్చేటప్పుడు ఏ రంగుకి ఎంత వెలుగు ఇచ్చామన్న దగ్గర.

మామూలు సూత్రం ప్రకారం ఒక చుక్క (పిక్సెల్) వెలుగులో ఎరుపు వాటా 0.299, ఆకుపచ్చ 0.587, నీలం 0.114. ముదురు ఎర్ర పట్టుని ఎరుపు 160, ఆకుపచ్చ 25, నీలం 35 అనుకోండి. బూడిద విలువ 67 వస్తుంది. మావిడాకు 45, 80, 40 అయితే 65. తేడా రెండే రెండు మెట్లు, 256 మెట్లలో. కంటికి అది కనిపించదు.

ఇదే లెక్కని ముఖానికి వేసి చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. చామనఛాయ చర్మం 170, 120, 90. కుంకుమ బొట్టు చీర లాగే 160, 25, 35. ఎరుపు ఛానల్ ఒక్కటే, అంటే ఎరుపు విలువలే తీసుకుంటే చర్మం 170, బొట్టు 160. మొటిమ మచ్చలు పోయి ముఖం నున్నగా వస్తుంది గానీ బొట్టు కూడా పోతుంది. కల్యాణ తిలకం లేని పెళ్లికూతురి ఫొటో ఏ ఇంట్లో ఒప్పుకుంటారు? ఆకుపచ్చ ఛానల్‌లో చర్మం 120, బొట్టు 25. బొట్టు గట్టిగా నిలుస్తుంది, పారాణి నిలుస్తుంది, మధుపర్కాల ఎర్ర అంచు నిలుస్తుంది. చర్మం మీది ప్రతి మచ్చా కూడా నిలుస్తుంది. నీలం ఛానల్ సంగతి చెప్పక్కర్లేదు. 200, 150, 30 ఉండే పసుపు అక్కడ 30కి పడిపోయి, పసుపు రాసిన పాదాలు బురదలో నడిచొచ్చినట్టు ఉంటాయి.

విదేశీ పెళ్లిళ్ల కోసం ముందే కూర్చిపెట్టిన సెట్టింగులు (ప్రీసెట్లు) మన ఫొటోల మీద తేలిపోవడానికి కారణం ఇదే. వాటిలో తెల్ల గౌను, నల్ల సూటు. మన దగ్గర చర్మం, కుంకుమ, పసుపు, బంగారం నాలుగూ ఎరుపుకీ పసుపుకీ మధ్య ఇరుకు సందులో ఉంటాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఒకటే: ఆ సందులో ఉన్నవాటిని ఇది ఎంత చక్కగా విడదీస్తుంది?

మార్చే దారులు, ఒక్కొక్కటిగా

డీశాచురేట్: ఫొటోషాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, యూ. ఒక్క నొక్కుడుతో అయిపోతుంది, అందుకే ఎక్కువగా వాడతారు. ఇది పై సూత్రం కూడా వాడదు, మూడు విలువల్లో పెద్దదానికీ చిన్నదానికీ సగటు తీసుకుంటుంది. పై లెక్కలో చర్మం 130, పసుపు 115. అంటే పసుపు రాసుకున్న చెంప మామూలు చెంపకన్నా నల్లబడుతుంది. దీన్ని పక్కన పెట్టేయండి.

ఛానల్ మిక్సర్: మోనోక్రోమ్ పెట్టె టిక్ చేస్తే ఎరుపు 40, ఆకుపచ్చ 40, నీలం 20తో మొదలవుతుంది. మూడూ కలిపి 100 దాటకుండా ఉంటే తెలుపు పగలదు, అంటే వివరం పోయి ఉత్త తెలుపు కాదు. రాత్రి ముహూర్తాలకి, ఐఎస్ఓ 3200 పైన తీసినవాటికి ఎరుపు 40, ఆకుపచ్చ 55, నీలం 5 పెట్టి చూడండి. పసుపుపచ్చ లైట్ల కింద నీలం ఛానల్‌లో నాయిస్ (గరుకు చుక్కలు) తప్ప పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి దాని వాటా తగ్గిస్తే సగం గరుకుదనం అక్కడే పోతుంది. పై లెక్క ప్రకారం చర్మం 139, బొట్టు, చీర 80, మావిడాకు 64. మూడూ విడివిడిగా కనిపిస్తాయి. ఈ దారికి ఉన్న పెద్ద గుణం, అంచుల దగ్గర మచ్చలు, చారలు రాకపోవడం. లోపం, చర్మాన్ని కదిలిస్తే అన్నీ కదులుతాయి.

ఫొటోషాప్ బ్లాక్ అండ్ వైట్ లేయర్: ఆరు స్లైడర్లు. ఎరుపు 40, పసుపు 60తో మొదలు. ఇందులో నారింజ లేదు, మన పనికి అదే దెబ్బ. చర్మం నారింజలో ఉంటుంది కాబట్టి ఎరుపు, పసుపు స్లైడర్లు రెండూ దాన్ని చెరో వైపు లాగుతాయి. బొట్టు ముదరాలని ఎరుపు తగ్గిస్తే ముఖం చీకటి పడుతుంది, ముఖం కోసం పసుపు పెంచితే వడ్డాణం తెల్లబడుతుంది. రెండు లేయర్లు పెట్టి, ఒకటి ముఖానికి, ఒకటి మిగతాదానికి మాస్క్ చేస్తే, అంటే ఆ భాగానికే పరిమితం చేస్తే పని జరుగుతుంది. పది ఫొటోలకైతే సరే, రెండు వందలకి కాదు.

లైట్‌రూమ్ బ్లాక్ అండ్ వైట్ మిక్స్: ఎనిమిది స్లైడర్లు, నారింజ విడిగా ఉంది. ఫొటో మీద వీ నొక్కితే చాలు. మొదట వైట్ బ్యాలెన్స్ (లైటు రంగు ఫొటోకి అంటకుండా చేసే సవరణ) సరిచేయాలి, ఇది చాలామంది వదిలేస్తారు. బూడిదే కదా, రంగుతో పనేంటి అనుకుంటారు. ముఖం పసుపుపచ్చగా ఉంటే చర్మం నారింజ స్లైడర్‌కి కాకుండా పసుపు స్లైడర్‌కి దొరుకుతుంది, ఆపైన వేసే లెక్కలన్నీ తప్పుతాయి. సరిచేశాక నారింజ 10 నుంచి 20 పైకి, ఎరుపు 15 నుంచి 30 కిందికి, పసుపు కదపకుండా మొదలుపెట్టండి. ఎరుపు 30 దాటి దింపితే పెదవులు నల్లబడతాయి, చెవులు కమిలినట్టు కనిపిస్తాయి, చెంప మీద ఎర్రగా ఉన్న చోటల్లా మచ్చ తేలుతుంది. బొట్టు ఇంకా ముదరాలంటే అక్కడికి మాత్రం చిన్న బ్రష్ మాస్క్ వేసి ఎక్స్‌పోజర్ 0.3 దించండి. క్యాప్చర్ వన్‌లో కూడా ఈ స్లైడర్లు ఉన్నాయి కానీ ఆరే, నారింజ లేదు. కాబట్టి ఈ ఒక్క పనికి లైట్‌రూమ్‌దే పైచేయి.

సిల్వర్ ఎఫెక్స్: నలుపు తెలుపు కోసమే పుట్టిన ప్లగిన్ (వేరే సాఫ్ట్‌వేర్‌కి తోడుగా నడిచేది). నిక్ సాఫ్ట్‌వేర్ వాళ్లది, 2012లో గూగుల్ కొంది, 2016లో ఉచితంగా ఇచ్చింది, 2017లో డీఎక్స్ఓకి వెళ్లింది. ఇప్పుడు డబ్బు పెట్టి కొనాలి. ఆ ఉచిత రోజుల్లో దించుకున్న పాత వెర్షన్ ఇంకా కొన్ని స్టూడియోల్లో తిరుగుతోంది, కొత్త సిస్టమ్‌లలో అది మొరాయిస్తుంది. స్ట్రక్చర్ స్లైడర్లు, ఫిల్మ్ గ్రెయిన్ (పాత ఫిల్మ్ ఫొటోల్లో ఉండే సన్నటి గరుకు) నిజంగా బాగుంటాయి. కాకపోతే లైట్‌రూమ్ నుంచి పంపితే ప్రతి ఫొటోకీ కొత్త టిఫ్ ఫైల్ తయారవుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 16 బిట్‌లో 144 ఎంబీ దాకా. యాభై ఫొటోలంటే ఏడు జీబీ పైచిలుకు. గోడకి పెట్టే నాలుగైదు ఫొటోలకి వాడండి, ఆల్బమ్ మొత్తానికి వద్దు.

ఫోన్‌లో చేసుకునేవాళ్లకి స్నాప్‌సీడ్‌లోని బ్లాక్ అండ్ వైట్ చాలు. అందులో రంగు ఫిల్టర్లు ఉంటాయి. ఎరుపు ఫిల్టర్ నొక్కిన క్షణం ముఖం మెరిసిపోతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. నొసటి మీద ఒకసారి చూసుకోండి, బొట్టు ఉందో లేదో. ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టి బ్రైట్‌నెస్ కొద్దిగా పెంచడం మంచిది. డబ్బు ఖర్చు లేకుండా కంప్యూటర్‌లో కావాలంటే జింప్‌లో మోనో మిక్సర్ ఉంది, ఛానల్ మిక్సర్‌కి చెప్పిన వాటాలే దానికీ.

ఏ దారైనా రా ఫైల్ (కెమెరా సెన్సార్ ఇచ్చే అసలు ఫైల్) నుంచి మొదలైతే మేలు. 14 బిట్ రా ఫైల్‌లో ఒక్కో ఛానల్‌కి 16,384 మెట్లు, జేపెగ్‌లో 256. జేపెగ్ మీద స్లైడర్ 40 దాటి లాగితే వెనకున్న తెర మీద, ఆకాశంలో చిన్న చిన్న చదరపు గళ్లు పైకి తేలతాయి. జేపెగ్‌ని 8 పిక్సెళ్ల గళ్లుగా కుదిస్తారు కాబట్టి ఆ గళ్లే అవి. జేపెగ్ తప్ప చేతిలో లేనప్పుడు ఛానల్ మిక్సరే భద్రం.

చర్మానికి ఒకటి, జరీకి ఒకటి

టెక్స్చర్, క్లారిటీ, డీహేజ్, షార్ప్‌నెస్. నాలుగూ ఫొటోకి పదును తెచ్చేవే కదా అని నాలుగూ తలా కొంచెం పెంచితే నాలుగింటి నష్టమూ ఒకేసారి వస్తుంది.

టెక్స్చర్ 2019లో లైట్‌రూమ్‌లోకి వచ్చింది. మధ్యస్థంగా ఉండే వివరాల మీద పనిచేస్తుంది: జరీ దారాలు, మల్లెమొగ్గల అంచులు, చేతి మీద గోరింటాకు గీతలు. పెద్ద నీడల్ని కదపదు. క్లారిటీ అంతకన్నా వెడల్పుగా పట్టుకుంటుంది, మధ్య టోన్ల కాంట్రాస్ట్‌ని లాగుతుంది. అందుకే ముఖం మీద క్లారిటీ 30 పెడితే కళ్ల కింద గుంటలు పడతాయి, నిన్న గీసుకున్న పెళ్లికొడుకు గడ్డం వారం నాటిదిలా ఉంటుంది, నల్లటి జుట్టు చుట్టూ తెల్లటి వలయం వస్తుంది. డీహేజ్ నలుపుల్ని ఇంకా కిందికి నొక్కేస్తుంది. షార్ప్‌నెస్‌ది సన్నటి అంచుల పని.

నగలు, చీర, పూలజడ, బాసికం మీద మాస్క్ వేసి టెక్స్చర్ 20 నుంచి 35, క్లారిటీ 8 నుంచి 12. చర్మం మీద మాస్క్ వేసి టెక్స్చర్ 10 నుంచి 15 కిందికి. 20 దాటి దించకండి, మైనపు బొమ్మ అవుతుంది. లైట్‌రూమ్‌లో మనిషిని గుర్తుపట్టే మాస్క్ ముఖచర్మం, ఒంటి చర్మం, జుట్టు, బట్టలు వేరు చేసి ఇస్తుంది. బాసికం కట్టిన నుదురు, బుగ్గచుక్క పెట్టిన చెంప దగ్గర మాత్రం అది తరచూ తడబడుతుంది, కాబట్టి ఆ రెండు చోట్లా బ్రష్‌తో చేత్తో సవరించండి. షార్ప్‌నెస్‌లో ఆల్ట్ పట్టుకుని మాస్కింగ్ స్లైడర్ లాగితే తెర నలుపు తెలుపుగా మారుతుంది. తెల్లగా కనిపించిన చోటే పదును పడుతుంది. చెంపలు పూర్తిగా నల్లబడేదాకా, సాధారణంగా 60 నుంచి 80 దాకా లాగండి.

తాతయ్య, అమ్మమ్మల ముఖాలకి ఈ చర్మం మాస్క్ వేయకండి. ఆ ముడతల కోసమే ఆ ఫొటో నలుపు తెలుపులో బాగుంటుంది.

ఫొటోషాప్‌లో చేసేవాళ్లకి రెండు దారులున్నాయి. హై పాస్ త్వరగా అవుతుంది: లేయర్ కాపీ తీసి, రేడియస్ 1.5 నుంచి 3 పిక్సెళ్లు, ఓవర్‌లే మోడ్, నల్ల మాస్క్ వేసి నగల మీద మాత్రం తెల్ల బ్రష్. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ (వెలుగునీడలు ఒక లేయర్‌లోకి, సన్నటి వివరాలు ఇంకో లేయర్‌లోకి విడదీయడం) నెమ్మది, కానీ చర్మం మీది వెలుగు మరకల్ని రంధ్రాలు చెడకుండా సరిచేయగలిగేది అదే. కింది లేయర్‌కి గాసియన్ బ్లర్ 6 నుంచి 10 పిక్సెళ్లు, పై లేయర్‌కి అప్లై ఇమేజ్. 16 బిట్‌లో అయితే యాడ్, ఇన్వర్ట్ టిక్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. 8 బిట్‌లో అయితే సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. తర్వాత లీనియర్ లైట్. ఈ అంకెలు తారుమారైతే ఫొటో అంతా వింత బూడిదగా మారుతుంది, కంగారుపడి మొదటినుంచి చేయక్కర్లేదు, ఆఫ్‌సెట్ ఒకసారి చూసుకోండి.

విశాఖ పెళ్లిళ్లకి ప్రత్యేకంగా ఒక బాధ ఉంది, చెమట. సముద్రపు ఉక్కపోత, పైన వీడియో లైటు, ఎదురుగా హోమం. నుదుటి మీద, ముక్కు మీద తెల్లటి మెరుపు. రంగు ఫొటోలో అది మంచి కాంతిలా సరిపెట్టుకుంటుంది, నలుపు తెలుపులో తెల్లటి మచ్చ అవుతుంది, టెక్స్చర్ పెంచితే ఆ మచ్చ మీద చుక్కలు లేస్తాయి. హైలైట్స్ దించడం ఒక్కటే సరిపోదు, మచ్చ తెల్లటి నుంచి బూడిద మచ్చగా మారుతుంది అంతే. ఫొటోషాప్‌లో కొత్త లేయర్, క్లోన్ టూల్ మోడ్ డార్కెన్, ఒపాసిటీ 20 నుంచి 30, పక్కనున్న మామూలు చర్మం నుంచి తీసుకుని రెండు మూడు సార్లు అద్దండి. మెరుపు మొత్తం తీసేయొద్దు, మూడో వంతు ఉంచితేనే ముఖానికి గుండ్రదనం.

తలంబ్రాల ఫొటోలకి లెక్క వేరే. పసుపు కలిపిన బియ్యం అయితే పసుపు స్లైడర్ 20 పెంచితే ప్రతి గింజా చీకటి మీద మెరుస్తుంది. ఈ మధ్య వాడే తెల్ల థర్మోకోల్ ఉండలైతే అవి ముందే తెల్లగా పగిలిపోయి ఉంటాయి, వాటికి ఏ రంగు స్లైడరూ పనిచేయదు, ఎక్స్‌పోజర్ దించి ముఖాల్ని మాస్క్‌తో పైకెత్తడమే దారి.

బీచ్‌లో ఒక తీరు, దిబ్బల్లో ఒక తీరు

ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రం మీద లేస్తాడు. పొద్దున్నే తీసిన జంట ఫొటోల్లో వెనక నీళ్లు తళతళ, ముందు ముఖాలు నీడ. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ తేమలో సగం కరిగి ఉంటుంది. డీహేజ్ 40 పెట్టి ఆ కొండని ముందుకి లాగాలని చేయి దురద పెడుతుంది. లాగకండి. నలుపు తెలుపులో దూరాన్ని చెప్పేది ఆ పలచదనమే. జంట మీద మాత్రం మాస్క్ వేసి డీహేజ్ 8 నుంచి 12 చాలు. ఆకాశం ముదరాలని నీలం స్లైడర్ 60 దాకా దించితే ఎగిరే జుట్టు చుట్టూ తెల్లటి గీత, మబ్బుల్లో నాయిస్ వస్తాయి. 25 దగ్గర ఆపి, మిగతాది పైనుంచి కిందికి గ్రేడియెంట్ మాస్క్‌తో దించండి.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో తీసినవాటికి పైన చెప్పిన నారింజ సూత్రమే తిరగబడుతుంది. అక్కడ మట్టీ నారింజే, చర్మమూ నారింజే. ముఖం కోసం నారింజ పెంచితే దిబ్బ కూడా పెరుగుతుంది, మనుషులు మట్టిలో కలిసిపోతారు. అక్కడ ముఖాన్ని స్లైడర్‌తో ఎత్తడం వదిలేసి, నారింజ 15 దించి దిబ్బని ముదరనివ్వండి, జంటని మాస్క్‌తో సగం స్టాప్ (ఎక్స్‌పోజర్ 0.5) పైకెత్తండి. గాలికి, వానకి మట్టి మీద పడ్డ గాడులు ఉన్నాయి చూశారా, టెక్స్చర్ 40 పెట్టినా తట్టుకునేది ఈ మొత్తంలో అవొక్కటే.

రిసెప్షన్ స్టేజీ మీద రంగు ఎల్ఈడీల కింద తీసిన ఫొటోలు నలుపు తెలుపులోకి మార్చడానికి అసలైన అభ్యర్థులు. గులాబీ, ఊదా లైటు పడితే ఆకుపచ్చ ఛానల్ దాదాపు ఖాళీ. ఛానల్స్ ప్యానెల్‌లో మూడూ విడివిడిగా తెరిచి చూడండి, ఏ ఛానల్‌లో ముఖం నున్నగా ఉందో దానికి 80 శాతం ఇవ్వండి. ఇక్కడ బొట్టు పోతే పోనివ్వక తప్పదు, లేదా చేత్తో దించుకోవాలి.

హల్దీ ఫొటోల జోలికి మాత్రం వెళ్లకండి. పసుపు కనబడని పసుపు వేడుక ఎవరికి కావాలి? జీలకర్రబెల్లం, మంగళసూత్రధారణ, అప్పగింతలు, వంటశాల పొగ, పీటల కింద నిద్రపోయిన పిల్లలు, ఇవి సరిపోతాయి. పెద్దవాళ్లలో పెళ్లి ఫొటోకి రంగు తీసేయడమేంటని నొచ్చుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, మార్చిన ప్రతిదానికీ రంగు కాపీ కూడా ఇవ్వండి.

కాగితం మీదికి వెళ్లేముందు

లైట్‌రూమ్‌లో ఫొటో మీద మౌస్ పెడితే హిస్టోగ్రామ్ (వెలుగు మెట్ల గ్రాఫ్) కింద వెలుగు శాతాలు కనిపిస్తాయి. చామనఛాయ ముఖం వెలుగు వైపు 55 నుంచి 65, నీడ వైపు 35 నుంచి 45. మధుపర్కాలు, మల్లెలు 90 నుంచి 95. 98 దాటితే నేత పోతుంది, ప్రింటులో ఉత్త కాగితమే కనిపిస్తుంది. జుట్టు గ్లాసీ కాగితానికి 4 నుంచి 6, మ్యాట్‌కి 8 నుంచి 10. మ్యాట్ కాగితం గ్లాసీ అంత లోతైన నలుపు ఇవ్వలేదు కాబట్టి అడుగు మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్క్రీన్ మీద విడివిడిగా కనిపించిన పూలజడ కాగితం మీద నల్లటి ముద్ద అవుతుంది.

గ్రెయిన్ చివర్లో, ప్రింటు సైజులోకి మార్చాక వేయాలి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10,800 పిక్సెళ్ల వెడల్పు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో 6,000. ఒకే ఫొటోని షీటంతా పరిస్తే 1.8 రెట్లు సాగుతుంది, ముందే వేసిన గ్రెయిన్ కూడా అంతే సాగి ఇసుక చల్లినట్టు ఉంటుంది. అమౌంట్ 15 నుంచి 20, సైజు 25, రఫ్‌నెస్ 50. నున్నగా చేసిన చర్మానికీ పదును పెట్టిన జరీకీ మధ్య ఉండే అతుకుని ఈ గ్రెయినే కప్పుతుంది. అందుకే ఇది అలంకారం కాదు.

ఏ కాగితం? గ్లాసీలో నలుపు బాగా దిగుతుంది, కానీ మన ఊరి ఉక్కకి వేలిముద్రలు పట్టేస్తాయి. అద్దానికి ఆనించి ఫ్రేమ్ కడితే కొన్నేళ్లకి ప్రింటు అద్దానికి అంటుకుపోతుంది, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల మౌంట్ బోర్డు ఉండాల్సిందే. మెటాలిక్ రంగు ఫొటోలకి బాగుంటుంది, నలుపు తెలుపులో ముఖాలకి రేకు మెరుపు ఇస్తుంది. ఆల్బమ్‌కి లస్టర్ (గ్లాసీకీ మ్యాట్‌కీ మధ్యస్థంగా మెరిసేది), గోడకి మ్యాట్ తీసుకోండి.

ల్యాబ్‌కి గ్రేస్కేల్ ఫైల్ పంపకండి, ఎస్ఆర్‌జీబీలో (మామూలుగా వాడే రంగుల ప్రమాణం) పంపండి. రంగుల ఫొటో కాగితం మీద నలుపు అనేది మూడు రంగుల అద్దకాలు కలిసి తయారయ్యేదే. వాటిలో ఒకటి కొంచెం అటూ ఇటూ అయినా ఫొటో పచ్చగానో ఊదాగానో తిరుగుతుంది. కలర్ గ్రేడింగ్‌లో నీడలకి హ్యూ 40, శాచురేషన్ 5 నుంచి 8 ఇస్తే లేత గోధుమ ఛాయ వచ్చి ఆ చిన్న తేడాలు కప్పబడతాయి.

ఆల్బమ్ ఆర్డర్ ఇచ్చేముందు ఒక 4×6 ప్రింటు వేయించండి. సగంలో 0 నుంచి 100 దాకా పది పది శాతం చొప్పున పదకొండు గళ్లు, మిగతా సగంలో దంపతుల ఫొటో. కిటికీ దగ్గర పగటి వెలుగులో ఒకసారి, రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూడండి. 0, 10 గళ్లు కలిసిపోయి ఉంటే ఫొటోలో నలుపుల్ని ఇంకో 3 శాతం పైకెత్తాలి. 90, 100 కలిసిపోతే తెలుపుల్ని దించాలి. గళ్లలో ఎక్కడైనా పచ్చదనం తగిలితే, ఫైల్‌ని కదపకుండా ప్రింటుని ల్యాబ్‌కి పట్టుకెళ్లి చూపించండి, దాన్ని సరిచేయాల్సింది వాళ్ల మెషిన్‌లో.